అప్‌డేట్: ఎక్స్ఛేంజ్ అడాప్టర్‌కి ఆబ్జెక్టులు ఎలా పెట్టానంటే

భీమవరంలో రొయ్యల ఎగుమతి ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ని ఎక్స్ఛేంజ్ సర్వర్‌కి (మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్, క్యాలెండర్ సర్వర్) కలిపే అడాప్టర్ రాయాలి, కోడ్‌లో మెయిల్‌కీ మీటింగ్‌కీ డేటా పెట్టుకునే ఆబ్జెక్టు ఒకటేనా వేర్వేరా అని అడిగాను కదండీ, వేర్వేరే పెట్టాను. సబ్జెక్టు, బాడీ లాంటి ఉమ్మడి ఫీల్డులు పైన బేస్ ఆబ్జెక్టులో, మిగతావి కింద దేనికది.

అసలు తలనొప్పి కీ దగ్గరే, అంటే ఇది ఏ మీటింగో మనవైపు గుర్తుపట్టే ఐడీ దగ్గర. ఎక్స్ఛేంజ్ ఇచ్చే ఐటెమ్ ఐడీని కీగా పెట్టమని ఒకాయన చెప్పారు గానీ అది కుదరదండీ, మేనేజర్ గారు మీటింగ్‌ని వేరే ఫోల్డర్‌లోకి లాగితే చాలు ఐడీ మారిపోద్ది, మనవైపు అదే మీటింగ్ రెండోసారి పుట్టుకొస్తది. అందుకే యూఐడీ (మీటింగ్‌కి ఉండే ఇంకో ఐడీ) తీసుకున్నా, ఫోల్డర్ మారినా అది మారదు. కానీ ప్రతి సోమవారం జరిగే కోత ప్లానింగ్ మీటింగ్ ఉందనుకోండి, అన్ని వారాలకీ యూఐడీ ఒకటే, కాబట్టి రికరెన్స్ ఐడీ (అది ఏ తేదీ మీటింగో చెప్పేది) కూడా కలిపితేనే ఫలానా వారం అని తెలుస్తది.

ఛేంజ్‌కీ (ఐటెమ్ మారినప్పుడల్లా మారే వెర్షన్ గుర్తు) కూడా దాచుకోండి. అప్‌డేట్‌లో నెవర్‌ఓవర్‌రైట్ (తేడా వస్తే మీద రాయొద్దు) అనే ఆప్షన్ పెట్టి పాత ఛేంజ్‌కీతో పంపితే సర్వర్ ఒప్పుకోదు, ఈలోపు వేరేవాళ్ళు చేసిన మార్పు చెరిగిపోకుండా అది మన మంచికేలెండి.

టైమ్‌జోన్ ఇంకో గోల, అటు ఎక్స్ఛేంజ్‌లో మన టైమ్‌జోన్ పేరు 'ఇండియా స్టాండర్డ్ టైమ్', ఇటు మా లైనక్స్‌లో 'ఏషియా/కోల్‌కతా', చిన్న మ్యాపింగ్ టేబుల్ రాసేశా.

అటాచ్‌మెంట్లకి పేరూ ఐడీ మాత్రమే ఆబ్జెక్టులో ఉంచా, ఫైలు కావాలంటే సర్వర్‌కి గెట్‌అటాచ్‌మెంట్ అనే కాల్ విడిగా.