పాత కలంకారీ బట్టలు విప్పాక దగ్గు, బ్యాక్టీరియా వల్లేనా?

చెన్నైలో ఒక మ్యూజియం స్టోర్‌రూమ్‌లో పాత బట్టల ఫొటోలు తీస్తున్నానండీ. మొన్న ఒక కలంకారీ మడత విప్పితే లోపల బూడిదరంగు మచ్చలు, తడిమట్టి వాసన, ఆ రాత్రి నుంచే దగ్గు, ముంజేతుల మీద దురద. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ వాసన చాలావరకు బూజుదే అక్కా. గాలిలో తేమ 65 శాతం దాటితే నూలుకి బూజు పడుతుంది, మన చెన్నైలో ఏసీ ఆపితే చాలు. బాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా బీజాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లని సాధారణంగా ఏమీ చేయవు. ఆస్తమా ఉన్నా, చేతికి గాయమున్నా జాగ్రత్త. ఎన్95 మాస్కు, నైట్రైల్ గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, దులపొద్దు.

ఇంకో జవాబు: వెనకటికి మ్యూజియంలలో పురుగు పట్టకుండా డీడీటీ, ఆర్సెనిక్ కూడా వాడేవారు, డాక్టర్‌కి అదీ చెప్పండి.

థాంక్స్ అండీ, రేపే చూపించుకుంటా.