క్లాస్‌మేట్ వేసిన అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ గురించి ఏం రాయాలండీ?

మాది విజయవాడ. సాయంత్రాలు డ్రాయింగ్ క్లాసుకి వెళ్తున్నాను. మొన్న మాస్టారు ఒకరి బొమ్మ ఇంకొకరికిచ్చి, "చూస్తే నీకేమనిపించిందో ఒక పేజీ రాసుకురా. సూపర్, బాగుంది అని రాస్తే చింపేస్తా" అన్నారు.

నాకొచ్చింది మా బ్యాచ్ అమ్మాయి ఆయిల్ పాస్టెల్స్‌తో వేసింది. మనిషి లేడు, చెట్టు లేదు. కింద నీలం దట్టంగా రుద్ది, పైన నలుపు పూసి, పిన్నీసుతోనో దేంతోనో గీరింది. గీరిన చోటల్లా నీలం సన్నగా బయటపడింది. కుడి మూల వేలితో అద్దిన నారింజ మచ్చ, అంతే.

నాకైతే 2024 సెప్టెంబర్ గుర్తొచ్చింది. బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్లు డాబా మీద ఉండిపోయిన రాత్రి. కరెంటు లేదు, నల్లటి నీళ్ల మీద దూరంగా ఒక్క టార్చిలైటు. ఆ మచ్చ అచ్చం అలాగే ఉంది.

ఇది రాసేయొచ్చా? తను ఏ దీపావళి రాత్రో అనుకుని వేసుంటే, నేను వరద గొడవ ఎత్తితే బాధపడదూ? ముందు తననే అడగాలా, లేక అడిగితే నాకనిపించింది కాస్తా పోతుందా? మొదలు రంగుల గురించి పెట్టాలా, పిన్ని వాళ్ల సంగతితోనా?

ఇంకోటి, సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఈ పాస్టెల్స్‌లో ఉండేది మైనం, నూనె. పూర్తిగా ఆరవు, మన ఎండకి ఇంకా మెత్తబడతాయి. నా బొటనవేలి ముద్ర ఆ నలుపు మీద పడిపోయింది. దూదితో సర్దనా, ముట్టుకోకుండా తనకే చెప్పేయనా?