గుర్రపు స్వారీ శిక్షకురాలి ధ్రువీకరణకు ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న – గరిక (టెక్సాస్)

అందరికీ నమస్కారం. మేము డల్లాస్‌కు ఉత్తరాన ఉంటున్నాం. ఎనిమిదేళ్ళ క్రితం మా అమ్మాయిని స్వారీ తరగతికి తీసుకువెళ్ళి, కంచె బయట నిలబడి చూస్తూ చూస్తూ చివరికి నేనే జీనెక్కాను. అప్పటికి నా వయసు ముప్ఫై రెండు. నడక, ట్రాట్ (లయగా సాగే నెమ్మది పరుగు), క్యాంటర్ (అంతకంటే వేగమైన దౌడు) మూడింటిలోనూ గుర్రాన్ని అదుపులో ఉంచుకోగలను. నేల మీది కర్రలనూ తక్కువ ఎత్తు అడ్డంకులనూ దాటించగలను గానీ వరుసగా అడ్డంకులు దూకించిన అనుభవం లేదు.

ఏడాదిన్నరగా శనివారాల్లో మా గుర్రపుశాల యజమానురాలికి సాయంగా కొత్త పిల్లల చేత గుర్రాలకు మాలీషు చేయించడం, జీను వేయించడం, పగ్గం పట్టుకుని పక్కన నడవడం చేస్తున్నాను. ఈ పనిని సరైన పద్ధతిలో నేర్చుకుని శిక్షకురాలిని కావాలని నిశ్చయించుకున్నాను. వచ్చే వసంతంలో స్వారీ శిక్షకులకు ధ్రువీకరణ ఇచ్చే సర్టిఫైడ్ హార్స్‌మన్‌షిప్ అసోసియేషన్ వారి ఐదు రోజుల శిబిరానికి వెళ్ళాలని ఉంది.

చేతిలో ఉన్న డబ్బూ సమయమూ పరిమితం కనుక ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఈ శీతాకాలమంతా జంపింగ్ పాఠాలు తీసుకుని నా స్వారీ స్థాయిని పెంచుకోవడం మేలా, లేక ఉన్న స్థాయితోనే ఉండి బోధన మీద దృష్టి పెట్టడం మేలా? గుర్రపు ఆరోగ్యం గురించి రాతపరీక్షలో ఎంత లోతుగా అడుగుతారు? మరొక సంకోచం కూడా ఉంది. నా గొంతు సహజంగా చిన్నది, నా ఇంగ్లీషు మన యాసలోనే ఉంటుంది. అరీనా (స్వారీ నేర్పే ఆవరణ) అవతలి అంచున ఉన్న విద్యార్థికి నా మాట అందుతుందా అన్న దిగులు నన్ను వదలడం లేదు. ఈ దారిలో నడిచినవారు చెబితే కృతజ్ఞురాలిని.

జవాబు – రికాబు (ఒహాయో)

గరిక గారూ, నేను ఇదే సంస్థ నుంచి ఇంగ్లీష్ పద్ధతి స్వారీలో ధ్రువీకరణ పొందాను. మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతున్నాను: ఈ శీతాకాలాన్ని బోధనకే ఇవ్వండి.

ఆ ఐదు రోజుల్లో మీరు గుర్రం మీద ఉండి పరీక్ష ఇచ్చే సమయం తక్కువ. నేల మీద నిలబడి పాఠం చెప్పే సమయమూ, తోటి అభ్యర్థుల పాఠాల్లో విద్యార్థిగా పాల్గొనే సమయమూ ఎక్కువ. ఇద్దరు పరీక్షకులు మిమ్మల్ని మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు గమనిస్తూనే ఉంటారు. కనీసం నాలుగు పాఠాలు చెప్పాలి, రాతపరీక్ష ఉంటుంది, స్వారీని విడిగా చూస్తారు. స్వారీ స్థాయికి విలువ లేదని నా ఉద్దేశం కాదు, ఎందుకంటే మీరు చేసి చూపించలేని దానిని నేర్పే అర్హత మీకు ఇవ్వరు. అయితే కొత్తవారికి నడక, ట్రాట్ నేర్పే మొదటి స్థాయికి మీకున్న స్వారీ సరిపోతుంది. భద్రత, బృందాన్ని అదుపులో ఉంచడం, బోధించే తీరు – ఈ మూడింటిలో లోటు ఉంటే ఎంత చక్కగా దూకించినా అది పూడదు.

నాకు ఇది నష్టపోయాకే తెలిసింది. మొదటిసారి వెళ్ళినప్పుడు నలుగురు రౌతులకు ట్రాట్‌లో లేచి కూర్చునే లయను నేర్పుతున్నాను. వృత్తంలో వెళ్ళేటప్పుడు గుర్రం వెలుపలి భుజం ముందుకు సాగినప్పుడు లేవాలని చాలా శ్రద్ధగా వివరించాను. వివరిస్తున్నంతసేపూ నా వీపు ఒక గుర్రం వైపు ఉంది. అది నెమ్మదిగా ముందున్న గుర్రపు తోకకు జానెడు దూరంలోకి వచ్చింది, ముందుది చెవులు వెనక్కి వాల్చింది, పరీక్షకురాలు పాఠం ఆపించారు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ సంవత్సరం నేను కోరుకున్న దానికంటే ఒక స్థాయి తక్కువ వచ్చింది, అది న్యాయమే.

అప్పటి నుంచి నేను ఎక్కడ నిలబడాలన్నదే ముందు ఆలోచిస్తాను. అందరు రౌతులూ ఒకేసారి కంటికి ఆనే చోటు అరీనాకు సరిగ్గా మధ్యలో ఉండదు, ఎందుకంటే మధ్యలో నిలబడితే ఎప్పుడూ సగం మంది మన వెనకే ఉంటారు. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం ఒక గుర్రమంత ఎడం ఉండాలని పిల్లలకు చెబితే వారికి కొలత అర్థం కాదు. నీ గుర్రం చెవుల మధ్య నుంచి ముందు గుర్రం వెనక గిట్టలు కనబడుతూ ఉండాలి అని చెబితే ఏడేళ్ళ పిల్లకు కూడా వెంటనే పట్టుబడుతుంది.

ఇక మాట విషయం. గొంతు పెద్దదిగా ఉండటం కంటే మాటల వరుస ముఖ్యం. ముందు విద్యార్థి పేరు, తర్వాత సిద్ధం కమ్మనే మాట, ఆ తర్వాతే చేయవలసిన పని చెప్పాలి. పాఠాలకు వాడే గుర్రాలు ఏళ్ళ తరబడి శిక్షకుల గొంతులు విని ఉంటాయి. రౌతు సిద్ధంగా లేకపోయినా ట్రాట్ అన్న మాట చెవిన పడగానే పరుగందుకునేవి చాలా ఉన్నాయి. అందుకని ఆ మాటను వివరణలో వాడకుండా, చివరి క్షణానికి దాచుకోవడం అలవాటు చేసుకోండి. అరీనా అవతలి అంచున ఫోన్ పెట్టి పాఠాన్ని రికార్డు చేసుకుని వినండి. మీ యాస అడ్డు రాదని, తొందరలో మింగేసిన మాటలే అడ్డు వస్తున్నాయని మీకే తెలుస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కసారి ఒకే సవరణ చెప్పండి. మడమ దించు, చూపు పైకి, చేతులు మెత్తగా అని మూడూ ఒక్క ఊపిరిలో చెబితే పిల్లవాడు మూడింటినీ వదిలేస్తాడు.

జవాబు – కొండగాలి (కెంటకీ)

నేను పశువైద్యుణ్ణి. తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుతున్న రోజుల్లో ఎన్‌సీసీ అశ్వదళంలో తొలిసారి గుర్రమెక్కాను కనుక ఈ ప్రశ్న చూసి సంతోషం కలిగింది. ఆరోగ్య విషయాల గురించి నాకు తెలిసినది రాస్తాను.

పరీక్ష కోసం రోగాల పేర్లు వల్లించడం కంటే, ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఎలా ఉంటుందో చేతులతో తెలుసుకోవడం మేలు. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నాడి నిమిషానికి 28 నుంచి 44, శరీర ఉష్ణోగ్రత సుమారు 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పరీక్షలో ఫారన్‌హీట్‌లో అడుగుతారు కనుక 99 నుంచి 101 వరకు అని గుర్తుంచుకోండి. మీ శాలలోని గుర్రాలకు దవడ కింద నాడి పట్టి వారం పాటు రాసుకుంటే ఈ అంకెలు మళ్ళీ మరచిపోరు. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి దానికి ప్రాణాంతకం కాగలగడానికి అదొక కారణం. పాఠానికి తెచ్చిన గుర్రం కాలితో నేలను గీరుతున్నా, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూస్తున్నా, మేత ముట్టకపోయినా దానికి జీను వేయకుండా వైద్యుణ్ణి పిలవాలి. దీనిని జవాబుగా రాయగలగడమే కాక, తెల్లవారి శాలలో అడుగు పెట్టగానే మీ కన్ను పట్టుకోగలగాలి.

మేత విషయంలో రోజుకు శరీర బరువులో 1.5 నుంచి 2 శాతం వరకు ఎండుగడ్డి లేదా పచ్చిక అన్నది మూల సూత్రం, దాణా దాని తర్వాతే. గిట్టలు చెక్కించడం, లాడాలు మార్పించడం సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి జరగాలి. రౌతు, జీను కలిపిన బరువు గుర్రం బరువులో ఐదో వంతు మించకుండా చూడటం చాలా శాలలు పాటించే హద్దు. ఏ విద్యార్థికి ఏ గుర్రాన్ని ఇవ్వాలో నిర్ణయించేది శిక్షకురాలే కనుక ఈ లెక్క మీ పాఠ ప్రణాళికలోనే ఉండాలి. రౌతు కొద్దీ గుర్రం అన్న మన సామెతను కొత్తవారి పాఠంలో తిరగేసి చదువుకోవాలేమో, అక్కడ గుర్రాన్ని బట్టే రౌతు ధైర్యం ఉంటుంది.

జవాబు – వేపచెట్టు (హ్యూస్టన్)

రెండు విషయాలు ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. టెక్సాస్ చట్టం ప్రకారం గుర్రపు స్వారీలో సహజంగా ఉండే ప్రమాదాలకు శాలలకు కొంత రక్షణ ఉంది. హెచ్చరిక బోర్డు పెట్టాలన్న నియమమూ అందులోనే ఉంది. అయితే రౌతు సామర్థ్యాన్ని తగినంత జాగ్రత్తతో అంచనా వేయకుండా గుర్రం ఇచ్చినా, లోపమున్న జీను సామగ్రి ఇచ్చినా ఆ రక్షణ వర్తించకపోవచ్చు. అందుకే కొత్త విద్యార్థి వచ్చిన మొదటి రోజు చేసిన పరిశీలనను కాగితం మీద పెట్టండి. శాలకు ఉన్న బీమా మీకు కూడా వర్తిస్తుందో లేదో యజమానురాలిని లిఖితపూర్వకంగా అడగండి.

రెండవది, మీరు హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంటే, పని అనుమతి పత్రం లేకుండా జీతం తీసుకుని బోధించకూడదు. జీతానికి బదులు ఉచిత పాఠాలు పొందడం కూడా ప్రతిఫలంగా లెక్కకు రావచ్చు. ఇప్పుడు శనివారాల్లో చేస్తున్న సాయాన్ని కూడా కలిపి ఒకసారి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించడం మంచిది.

తిరిగి – గరిక (టెక్సాస్)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పని అనుమతి నాకు ఉంది గానీ బీమా సంగతి ఇన్నాళ్ళూ అడగనే లేదు, రేపే అడుగుతాను. జంపింగ్ పాఠాలకు దాచిన డబ్బులో కొంత ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణకు వాడతాను. మిగిలిన నెలల్లో వారానికి రెండు పాఠాలు యజమానురాలి పర్యవేక్షణలో చెప్పేందుకు ఆమె ఒప్పుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది: శిబిరంలో ముక్కూమొహం తెలియని గుర్రాలతో పాఠం చెప్పవలసి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు – రికాబు (ఒహాయో)

గరిక గారూ, మొదలు అడగడంతోనే. ఆ గుర్రాలను రోజూ చూసుకునేవారిని వెతికి పట్టుకుని, ఏది దేని పక్కన ఉండలేదు, ఏది ఎక్కేటప్పుడు కదులుతుంది, ఏది ముందు నడవడానికి ఇష్టపడుతుంది అని అడిగి చీటీ మీద రాసుకోండి. ఆ తర్వాత అందరినీ ఎక్కించే ముందు ప్రతి జీను పట్టీనీ మీ చేత్తోనే లాగి చూడండి, హెల్మెట్ల గడ్డం పట్టీలను సరిచూడండి. గుర్రాలు నాలుగైదు నిమిషాలు నడిచాక పట్టీలు వదులవుతాయి కనుక ఆపి మరోసారి బిగించండి. ఆ నడిచే నిమిషాల్లో వివరణలేవీ ఇవ్వకుండా ఊరికే చూస్తూ ఉండండి. ఏ గుర్రం బిగుసుకుపోతోందో, ఏ రౌతు ఊపిరి బిగపట్టాడో అప్పుడే కనబడుతుంది. మీ పాఠం ఆ తర్వాత మొదలుపెట్టినా ఆలస్యం కాదు.