నల్గొండల అమ్మను హోంల చేర్చాలె, ఏమేం చూసుకోవాలె?

చండూరోడు:
అమ్మకు 74 ఏండ్లు. దసరా ముంగట పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయినయ్. మా దిక్కు నీళ్ల సంగతి ఎరికే కదా, ఫ్లోరైడ్‌తోని మెడ, నడుము అంతకుముందే బిగుసుకపోయినయ్. మేమిద్దరం హైదరాబాద్‌ల డ్యూటీలకు పోతం. ఇంట్ల పెట్టిన మనిషి నెలకే మానేసింది. నల్గొండ బయట ఒక హోం చూసినం. నెలకు 22 వేలు, డిపాజిట్ వేరే. ఆదివారం పోతే టైల్స్ మెరుస్తున్నయ్, ముసలోళ్లంత ఇస్త్రీ బట్టలల్ల కూసున్నరు. అన్న పైసలిస్తనంటుండు గానీ, అమ్మ పేరు మీదున్న రెండెకరాలు ముందు రాసియ్యమంటుండు. ఏం చెయ్యాలె?

రిటైర్డ్ సిస్టర్, మిర్యాలగూడ:
తమ్మీ, ఆదివారం పగటీలి ఏ హోమైనా పెండ్లిల్లు లెక్కనే ఉంటది. రాత్రి తొమ్మిది దాటినంక చెప్పకుంట పో. ఎంతమందికి ఎంతమంది మేలుకొని ఉంటరో అడుగు. "వాచ్‌మన్ ఉంటడు" అంటే వాపస్ రా.

సర్కారు దవాఖానల చేసి దిగినంక ఇసొంటి హోంల గూడ చేసిన. మంచంల పడ్డోళ్లను రెండు గంటలకోపారి పక్క మార్చాలె. పగలు మారుస్తరు, రాత్రి ఎవ్వరు లేవరు. పుండ్లు పడేది అప్పుడే. పోయినప్పుడల్లా నడుము కింద, తుంటి కాడ, మడిమెల కాడ చూడు. ఒత్తినా ఎరుపు పోతలేదంటే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనవడది, చెయ్యి పెట్టి చూడు, వేడిగనో గట్టిగనో తగుల్తది.

ఇంకోటి. డైపర్లు ఎక్కువైతయని నీళ్లు తక్కువ తాపుతరు. నేను కండ్లార చూసిన. పెదాలెండి, మూత్రం చిక్కగ వస్తుంటే గట్టిగ అడుగు. ముసలోళ్లకు ఇన్ఫెక్షనొస్తే ఒక్కోపారి జరం లేకుంటనే మాటలు తప్పుతయ్. వయసుతోని అంతే అని నిద్రగోలి ఏస్తరు. అందుకే గోలీల చీటీ ఫొటో తీసి పెట్టుకో, కొత్తది కనవడితే ఏ డాక్టర్ రాసిండో అడుగు.

మెడ బిగుసుకున్నదంటున్నవ్, చంకల చేతులేసి గుంజొద్దని ముందే చెప్పు. కింద దుప్పటేసి ఇద్దరు పట్టి ఒంటిని మొత్తం ఒక్కపారే దొర్లియ్యాలె. పండవెట్టి తినిపియ్యనే వద్దు, పక్షవాతమొచ్చినోళ్లకు పొలమారితే మెతుకు ఊపిరితిత్తులకు పోతది.

పాలమూరు పిల్ల:
మా నాయనమ్మ ఉన్న హోంల (పేరెందుకులే) రాత్రిపూట చీరపేలికతో చేతులు మంచానికి కట్టేవాళ్లు, పడిపోతుందట! అడిగితే మీరే సంతకం పెట్టారన్నరు. నిజంగనే ఫారంల చిన్నక్షరాలల్ల ఉంది. ఫారం ఇంటికి తెచ్చుకొని చదవండి. పెద్దోళ్ల హెల్ప్‌లైన్ 14567 గూడ రాసి పెట్టుకోండి.

వకీలు గుమాస్తా, దేవరకొండ:
భూమి సంగతి చెప్త. గిఫ్ట్ డీడ్ చేస్తే "అమ్మను పోషించాలె" అన్న షరతు కాయితంల రాయించు. 2007 వయోవృద్ధుల చట్టం, సెక్షన్ 23 కింద షరతు తప్పితే ఆర్డీవో ట్రిబ్యునల్‌ల రద్దు చేయించొచ్చు. షరతు రాయకపోతే కొట్లాట కష్టమైతది. నన్నడిగితే ఇప్పుడు రాసియ్యకుండ్రి.

చండూరోడు:
రాత్రి పోయొచ్చిన సిస్టర్. రెండంతస్తులకు ఒక్కతే ఆయమ్మ, పొద్దున వంట గూడ ఆమెదేనట. మిర్యాలగూడ దిక్కు మీకు తెలిసిన హోం ఉంటే మెసేజ్ పెట్టుండ్రి. అన్నతోని నేను మాట్లాడుకుంట.