ఇసుక దిబ్బల్లో బుల్లి ఫెర్న్‌లు కంటపడాలంటే ఎలా వెతకాలి?

సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య తడిగా ఉండే పల్లాల్లో ఆఫియోగ్లాసమ్ అనే బుల్లి ఫెర్న్ కోసం మూడు వారాలుగా వెతుకుతున్నాను. చాలాసార్లు వేలెడంతే ఉంటుంది. ఒకే ఆకు, దానితో పాటు లేచే సన్నటి కంకి, కంకికి రెండు వరసల్లో సిద్ధబీజాశయాలు (ఫెర్న్‌లు విత్తనాల బదులు వెదజల్లే సిద్ధబీజాలుండే సంచులు). మామూలు ఫెర్న్‌ల లేతాకులా చుట్ట చుట్టుకుని ఉండదు కాబట్టి, కంకి లేనప్పుడు ఏదో పిచ్చి మొక్క అనుకుని దాటిపోతున్నానేమో! మోకాళ్ల మీద పాకి కూడా చూశాను (చీమలు మాత్రం బోలెడు కనిపించాయి). కొన్నేళ్లు ఆకే వేయకుండా నేలలోనే ఉండిపోతుందని తెలుసు. ఆకును బట్టే పోల్చుకునే గుర్తేమైనా ఉందా? గడ్డి పొట్టిగా ఉన్నచోట చూడాలా, నాచు ఉన్నచోటా? తవ్వను, ఫొటో చాలు.