ప్లానర్ స్పీకర్లకు ఏ యాంప్లిఫయర్ సరిపోతుంది?

నా ప్లానర్ మాగ్నెటిక్ స్పీకర్లు (కోన్ బదులు పలుచని పొర కదిలి శబ్దమిచ్చే రకం) 4 ఓమ్‌లవి. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతాయన్నది, 2.83 వోల్టులకు 86 డెసిబెల్స్ అని రాశారు. 4 ఓమ్‌ల మీద అంటే అది 2 వాట్లు కాబట్టి, ఒక్క వాట్‌కు లెక్కేస్తే 83 మాత్రమే.

8 ఓమ్‌లకు 100 వాట్ల ఏవీ రిసీవర్‌తో (హోమ్ థియేటర్ యాంప్లిఫయర్) నడుపుతున్నాను. మామూలు వాల్యూమ్‌లో వీణ తీగ మీటిన చప్పుడు, ఆ వెంటే వేలు జారిన శబ్దం కూడా విడివిడిగా వినిపిస్తాయి. అందుకే ఈ స్పీకర్లు వదులుకోవడం ఇష్టం లేదు. వాల్యూమ్ పెంచితే మాత్రం మృదంగం దెబ్బ మెత్తబడిపోతుంది, 20 నిమిషాలకు రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. పైన చెయ్యి పెడితే కాలుతోంది.

వైర్లు మార్చాను, ఎక్కడా షార్ట్ లేదు. రిసీవర్‌లో సెట్టింగ్ 4 ఓమ్‌లకు మారిస్తే ఆగడం తగ్గింది కానీ పవర్ కూడా తగ్గి పాట నీరసంగా ఉంది. సబ్‌వూఫర్ పెట్టి 80 హెర్ట్జ్ కింద కట్ చేశాను, కొంచెం నయం. స్పీకర్లను గోడ నుంచి 3 అడుగులు ముందుకు జరిపాక బేస్ శుభ్రపడింది, వేడి మాత్రం తగ్గలేదు. స్నేహితుడి 35 వాట్ల ట్యూబ్ యాంప్‌తో గొంతులు ఎంతో బాగున్నాయి, కానీ గట్టిగా పెడితే చీలిపోయాయి.

ఇప్పుడు రెండే మిగిలాయి: 8 ఓమ్‌లకు 100, 4 ఓమ్‌లకు 200 వాట్లిచ్చే క్లాస్ ఏబీ (సంప్రదాయ రకం) యాంప్, లేదా 4 ఓమ్‌లకు 300 వాట్ల క్లాస్ డి (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే, తక్కువ వేడెక్కే రకం) యాంప్. నేను కూర్చునేది 9 అడుగుల దూరంలో. ఇలాంటి స్పీకర్లు వాడినవాళ్లు చెప్పండి, ఈ రెండింట్లో ఏది తీసుకోవాలి?