పై బేస్తారం అంటే ఏ బేస్తారం?

పెన్నగట్టు:
మా అవ్వ అనే మాటొకటి పది రోజులుగా బుర్రలో తిరగతా ఉంది. (బేస్తారం, బేస్తవారం అంటే మా వైపు గురువారం.) "బేస్తారానికి పిలిస్తే పై బేస్తారానికి..." అక్కడిదాకే గుర్తుంది, తోక జారిపోయింది. "పోయినట్టు" అనేదా, "పొంగలి పెట్టినట్టు" అనేదా? పని అయిపోయాక వచ్చినవాళ్ళని చూసి ఈ మాట అనేది. మీ ఇళ్ళల్లో ఎవరైనా విన్నారా, లేక మా ఇంట్లోనే పుట్టిందా?

ఈ అనుమానం ఎందుకొచ్చిందంటే, మొన్న అవ్వ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక పోస్టుకార్డు దొరికింది. నాలుగు మూలలా పసుపు పూసి ఉంది, ఇప్పటికీ వేలికి అంటుతుంది. కలిగిరి ముద్ర, 7-4-79. మా మేనత్త భర్త రాశాడు: "పై బేస్తవారం కోనలో అబ్బాయికి పుట్టెంట్రుకలు. మేనమామ లేనిదే కత్తెర పడదు. తప్పక రావలెను." కార్డు మంగళవారం, 10న, నెల్లూరులో మా ఇంటికి చేరింది. నాయన 19న పిల్లోడికి వెండి మొలతాడు, కొత్త గుడ్డలు మూటకట్టుకుని రాపూరు మీదగా పెంచలకోన పోయాడు. ఆడ మావాళ్ళు ఒక్కరూ లేరు. అంతా 12నే అయిపోయింది. వరసకి మామ అయ్యే ఆయనెవరో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడంట. అత్త రెండేళ్ళు మా గడప తొక్కలేదు. నాయన చివరిదాకా "కార్డులో ఉన్నట్టే పోయాను" అనే అన్నాడు. నాకు ఆయన మాట నిజమనే ఉంది.

కందుకూరు:
మీ నాయన తప్పేం లేదన్నా. మంగళవారం నాడు "ఈ బేస్తారం" అంటే ఎల్లుండి వచ్చేది. అది దాటితే పై బేస్తారం. మా వైపు పసిపిలకాయలకి కూడా తెలుసు.

గూడూరు:
ఒప్పుకోను. పై నెల అంటే ఏ నెల? ఏప్రిల్‌లో కూర్చుని పై నెల అంటే మే కదా, జూన్ అని ఎవరన్నా అంటారా? నెలకి ఒక లెక్క, వారానికి ఒక లెక్క ఉండదు. పై అంటే తర్వాత వచ్చేది, అంతే.

కందుకూరు:
ఉంటుంది. ఏప్రిల్ నడుస్తా ఉంది కాబట్టి అది "ఈ నెల" అయింది, దాని పైది మే. బేస్తారం అట్ట కాదే, ఇంకా రాలేదే! రానిదానికి "ఈ" పెట్టుకున్నాం కాబట్టి దాని తర్వాతది "పై".

గోదారి కోడలు:
నేను నెల్లూరు వచ్చి ఇరవై రెండేళ్ళు. మా వైపు లక్ష్మివారం అంటాం. వచ్చిన కొత్తలో అత్తగారు "బేస్తారం" అంటే ఏ పండగో అనుకుని తలంటు పోసుకుని కూర్చున్నా. "మాటు" అనడం కూడా ఇక్కడే మరిచిపోయాను, ఇప్పుడు "ఇంకోతూరి" అనే వస్తుంది నోట్లో. పై సంగతికొస్తే, మా పుట్టింట్లో "వచ్చే లక్ష్మివారం" అంటే కూడా ఇదే పేచీ. కాబట్టి తప్పు నెల్లూరుది కాదు.

పొదిలి మేష్టారు:
అందరూ మంగళవారం దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు. కార్డు మంగళవారం రాయలేదు. 7 శనివారం. ఆ వారం బేస్తవారం 5తోనే వెళ్ళిపోయింది. రాసినాయన కూర్చున్నచోట నుంచి చూస్తే 12ని "ఈ బేస్తవారం" అనడానికే లేదు, కాబట్టి "పై" అని రాశాడు. మూడు రోజుల తర్వాత మీ నాయన చేతికొచ్చేసరికి అదే 12 "ఈ బేస్తవారం" అయి కూర్చుంది, 19 "పై" అయింది. ఒకే మాట, దారిలో అర్థం మారింది. ఇద్దరూ సరిగ్గానే పలికారు.

పెన్నగట్టు:
మేష్టారూ, మీరు రాసింది మూడు తూర్లు చదివాను. నాయన ఉండగా ఈ మాట వినుంటే ఎంత బాగుండేది.

చీరాల:
పంచాంగం ప్రకారం చూస్తే రాసినాయన మనసులో 12నే ఉంది. సిద్ధార్థి నామ సంవత్సరం, ఆ రోజు చైత్ర పౌర్ణమి. 19 అంటే బహుళంలోకి పోతుంది. పౌర్ణమి వదిలి ఎందుకు పెట్టుకుంటారు? ఒక్క తిథి రాసుంటే సరిపోయేది. వారం పేర్లు ఏడే, తిరిగి తిరిగి వస్తాయి. మా నాయనమ్మ అయితే ఏ సంగతీ వారంతో చెప్పేది కాదు, "గాలివాన పెట్టిన నెల", "రోహిణి కార్తె పోయే ముందు" అనేది. మీ కార్డు తర్వాత నెలలోనే కదా, 79 మే గాలివాన.

మార్కాపురం పలక:
"పై"ని పట్టుకుని అసలు మాట వదిలేశారు. బేస్తవారం బృహస్పతివారానికి తద్భవం, బ్రౌణ్యంలోనూ (బ్రౌన్ దొర నిఘంటువులో) దీర్ఘంతోనే ఉంది. మా పక్కన బేస్తవారిపేట ఉంది కదా, అది బేస్తవారం సంత జరిగిన పేట అని నా నమ్మకం. బెస్తవాళ్ళ పేట అనేవాళ్ళూ ఉన్నారు, కంభం చెరువు దగ్గరే కాబట్టి. మరి అదే నిజమైతే "బే"కి దీర్ఘం ఎక్కడిది?

పొదిలి మేష్టారు:
మీ దీర్ఘం సరే, "రి" సంగతేంటి? ఏలూరు దగ్గర ఉన్నది శనివారపుపేట, రాజమండ్రిలో ఉన్నది మంగళవారపుపేట. రోజు పేరైతే "వారపు" రావాలి. "వారి" అంటే మనుషులు. దీర్ఘం నోటి వాడుకలో సాగి ఉండొచ్చు, "పు" మాత్రం ఊరికే పోదు.

మార్కాపురం పలక:
ఎందుకు పోదు? మా వైపు పలుకుబడి వేరు మేష్టారూ. 1970లో ఒంగోలు జిల్లా కట్టేదాకా మేము కర్నూలు వాళ్ళం. మీ పొదిలి నెల్లూరులో ఉండేది. మీ వ్యాకరణంతో మా ఊరి పేరు కొలిస్తే ఎలా?

కందుకూరు:
నేను నెల్లూరులో పుట్టి, ప్రకాశంలో చదివి, 2022లో మళ్ళీ నెల్లూరులోకి వచ్చినవాణ్ణి. నా పలుకు ఇల్లు కదల్లేదు.

పెన్నగట్టు:
పేట సంగతి వేరుగా పెట్టుకుందాం, అవ్వ మాట...

గూడూరు:
ఒక్క నిమిషం అన్నా. గడువు లెక్క అనగానే నాకు తిక్కన గుర్తొచ్చాడు. విరాటపర్వంలో గోగ్రహణం కథంతా ఇదే తగాదా మీద నిలబడింది కదా! అర్జునుడు బయటపడితే గడువు తీరకముందే దొరికాడని దుర్యోధనుడు. ఐదేళ్ళకు రెండు అధికమాసాలు కలుపుకుంటే ఎప్పుడో తీరిందని భీష్ముడు. ఒకే కాలం, రెండు లెక్కలు. పెన్న ఒడ్డున మనుమసిద్ధి కొలువులో ఉన్న మనిషి తెలుగు చేసిన కథ ఇది. ఆ పద్యాల్లో మనుషులు మాట్లాడినట్టు ఇంకెక్కడా మాట్లాడరు. నన్నయ దగ్గర రాజులు ప్రసంగిస్తారు, తిక్కన దగ్గర మాట్లాడుకుంటారు.

పొదిలి మేష్టారు:
నన్నయని తక్కువ చేయొద్దు. ఎర్రన మా గుడ్లూరు వైపు మనిషి, ఇద్దరి మధ్యా వంతెన కట్టినవాడు, ఆయన పేరు ఎవరూ ఎత్తరు. తిక్కన కాలపు తెలుగు అంటున్నారు కాబట్టి ఇదొకటి: అప్పుడు రేపటికి "ఎల్లి" అనే మాట ఉంది. "రేపు" అంటే తెల్లవారుజాము, "రేపకడ"లో ఉన్నది అదే. "ఎల్లి" పోయింది, "ఎల్లుండి"లో మాత్రం మిగిలింది. తుళువాళ్ళు ఇప్పటికీ రేపుని "ఎల్లె" అంటారు.

గోదారి కోడలు:
అయితే మా అత్తగారు "రేపూ మాపూ" అంటే పొద్దునా సాయంత్రం అనేనా! ఇన్నాళ్ళూ ఇవాళా రేపూ అనుకుంటున్నా.

పెన్నగట్టు:
అత్తకి ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ళు, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "పై బేస్తారానికి పొంగలి పెట్టినట్టు, అదే మీ అవ్వ మాట" అనింది. చిన్నాయన పక్కనుంచి "పొంగలి కాదు, పోయినట్టే" అంటున్నాడు. కార్డు దొరికిందని చెప్తే అత్త చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పసుపు ఉందా ఇంకా?" అని అడిగింది.

కందుకూరు:
అన్నా, అత్తని ఇంకొకటి అడగాల్సింది. ఆ సామెత 79కి ముందు ఆమె చెవిన పడిందా లేదా అని. పడుంటే ఊరిది, లేకపోతే మీ ఇంటిది.

గూడూరు:
అడిగేటప్పుడు "పై" అంటే ఆమెకి ఏ బేస్తారమో కూడా అడుగు.

పెన్నగట్టు:
ఎల్లుండి కలిగిరి పోతున్నా, కార్డు తీసుకుని. అడుగుతా.